చివరి గదికి గాలి

'హలో... హలో... నా మాట వినిపిస్తోందా?'

రామగిరి మండలం, సెంటినరీ కాలనీకి కూతవేటు దూరంలో ఉన్న ఆ రెండంతస్తుల ఇంట్లో రోజుకు ఎన్నిసార్లు వినిపించేదో ఆ మాట! పై అంతస్తులో వెనకవైపు చివరి గది. అందులో ల్యాప్‌టాప్ ముందు కోడలు. కింద వరండాలో పేపరు చదువుకుంటూ మామ. 'హలో' మూడోసారి వినిపించిందంటే చాలు, తర్వాత ఏం జరుగుతుందో ఆయనకు తెలుసు. కుర్చీ జరిపిన చప్పుడు. మెట్ల మీద పరుగులాంటి నడక. ల్యాప్‌టాప్‌ను పళ్లెంలా రెండు చేతుల మీద పట్టుకుని ఆమె హాల్లోకి వచ్చి, టీవీ పక్కనున్న వైఫై డబ్బా దగ్గర నేలమీద కూర్చునేది. ఇక టీవీ ఆపాలి. మనవడు నోరు మెదపకూడదు. వంటింట్లో అత్త మిక్సీ వేయకూడదు. మీటింగు అయ్యేదాకా ఇల్లంతా ఊపిరి బిగబట్టినట్టే.

ఆమెది హైదరాబాద్‌లోని ఓ సంస్థలో ఉద్యోగం. 2020 లాక్‌డౌన్‌లో చంటిపిల్లాణ్ని ఎత్తుకుని అత్తవారింటికి వచ్చింది. ఆఫీసులు తెరిచాక కూడా ఇంటి నుంచే పనిచేసుకునే వీలు దొరికింది. ఆమె భర్త సింగరేణిలో ఆర్జీ-3 ఏరియా ఓపెన్‌కాస్టు గనిలో ఆపరేటరు. వారం మొదటి షిఫ్టు, వారం రెండో షిఫ్టు, వారం రాత్రి షిఫ్టు. ఏ షిఫ్టు అయినా అన్నం వేళకు నలుగురూ ఒకే కప్పు కింద ఉండటం ఆ ఇంటికి అలవాటైపోయింది.

అలాంటిది ఒకరోజు ఆఫీసులో పైఅధికారి మర్యాదగానే చెప్పాడు. 'నెలరోజుల్లో లైను సంగతి తేల్చండి. కుదరదంటే ఇక్కడికే వచ్చి పనిచేయాల్సి ఉంటుంది' అని. ఆ మాట ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కానీ వారం తిరక్కుండానే, హాల్లో టీపాయ్ మీద పేపర్ల మధ్య హైదరాబాద్‌లోని ఓ స్కూలు అడ్మిషన్ల కరపత్రం మామ కంటపడింది. ఆయన దాన్ని తీసి చూసి, ఉన్నచోటే పెట్టేశాడు. ఏమీ అడగలేదు. ఆ రాత్రి మాత్రం చాలాసేపు డాబా మీదే కూర్చున్నాడు. ఎదురుగా చీకట్లో రామగిరి గుట్టలు.

కప్పు గట్టిగా ఉండాలె!

నిజానికి ఆ ఇంట్లో సిగ్నలు రాకపోవడానికి సగం కారణం ఆయనే!

ముప్ఫై ఏళ్లకు పైగా గోదావరిఖనిలో భూగర్భ గనిలో పనిచేసిన మనిషి. బాయిలో దిగినవాడికి మొదట తెలిసేది కప్పు విలువ. పైకప్పును కర్రతో తట్టి, చప్పుడును బట్టి గట్టిదో గుల్లదో చెప్పగలగాలి. అందుకే పదవీ విరమణ డబ్బుతో కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి సొంతిల్లు కట్టుకున్నప్పుడు మేస్త్రీ ఎంత చెప్పినా వినలేదు. 'లోపలి గోడలకు నాలుగున్నర అంగుళాలు చాలు' అంటే 'తొమ్మిది పెట్టు' అన్నాడు. స్లాబులో ఇనుము దండిగా వేయించాడు. మెట్ల కింద నీళ్ల సంపు. పైన వెనక గదికి వెళ్లే నడవాలో, గోడకు ఆనించి, ఆమె పుట్టింటివారు పెట్టిన అద్దం బీరువా.

ఇల్లు కోటలా నిలిచింది. కానీ వైఫై తరంగానికి కోట గోడలంటే గిట్టదు. ఇటుక గోడ దాన్ని కొంత మింగుతుంది. ఇనుప చువ్వల కాంక్రీటు ఇంకా ఎక్కువ మింగుతుంది. నీళ్లూ అంతే. ఇనుప బీరువా, అద్దం వెనకుండే లోహపు పూత అయితే తరంగాన్ని వెనక్కి తిప్పికొడతాయి.

ఇప్పటి రూటర్లలో చాలావరకు రెండు రకాల తరంగాలు పంపుతాయి. ఒకటి 2.4 గిగాహెర్ట్‌జ్. ఇది కాస్త దూరం పోతుంది, గోడలనూ కొంత దాటుతుంది, కానీ వేగం తక్కువ. పైగా ఇరుగుపొరుగు రూటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ ఆ సందులోనే తిరుగుతుంటాయి. రెండోది 5 గిగాహెర్ట్‌జ్. వేగం ఎక్కువ, గోడ దాటే ఓపిక తక్కువ. ఆ ఇంట్లో ఫైబరు తీగ వీధి స్తంభం నుంచి ముందు కిటికీలోంచి వచ్చింది. తీగ తెచ్చిన కుర్రాడు దగ్గర్లో ప్లగ్గు ఎక్కడుందో చూసి అక్కడే డబ్బా పెట్టేశాడు. చాలా ఇళ్లలో జరిగేది ఇదే. ఇంటికి ఒక కొసన రూటరు, రెండో కొసన పనిచేసే మనిషి!

మూడు తెల్ల డబ్బాలు

కొడుకు ఊరుకోలేదు. ముందు చవకగా దొరికే ఎక్స్‌టెండర్ ఒకటి తెచ్చి చివరి గదిలో ప్లగ్గుకు తగిలించాడు. ఫోనులో గీతలు నిండుగా వచ్చాయి. 'అయిపాయె!' అనుకున్నారు. తీరా చూస్తే గీతలు ఉన్నాయిగానీ బొమ్మ కదలదు. కుళాయి కొత్తది, నీళ్లు మాత్రం రావు.

తర్వాత స్నేహితుడెవరో చెబితే 'మెష్' సెట్టు తెప్పించాడు. మూడు చిన్న తెల్ల డబ్బాలు. మెష్ అంటే వల. ఒక పెద్ద రూటరు గొంతు చించుకుని ఇల్లంతా అరిచే బదులు, అక్కడొకటి ఇక్కడొకటి డబ్బాలు పెడితే అవి ఒకదానికొకటి మాట అందించుకుంటాయి. అన్నింటికీ కలిపి ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డ్. మనిషి ఇంట్లో తిరుగుతుంటే ఫోను దగ్గర్లో ఉన్న డబ్బాకు మారిపోతుంది.

వినడానికి బాగానే ఉంది. ఒక డబ్బాను పాత రూటరు పక్కనే పెట్టి తీగతో కలిపాడు. రెండోదాన్ని చివరి గదిలో, మూడోదాన్ని ముందు పడగ్గదిలో పెట్టాడు. ఫోనులో యాప్ చెప్పినట్టల్లా నొక్కాడు. రాత్రి షిఫ్టుకు టైమవుతోందని హడావిడిగా వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి కొత్త తిప్పలు. ఇంట్లో ఇప్పుడు రెండు వైఫైలు, పాతదీ కొత్తదీ. అత్త ఫోను పాతదాన్ని పట్టుకుని వదలదు. టీవీ పాతదాంట్లో ఉంది, మనవడి ట్యాబు కొత్తదాంట్లో ఉంది. ట్యాబులో బొమ్మను టీవీ మీదికి పంపుదామంటే, పక్కపక్కనే ఉన్నా ఒకదానికొకటి కనిపించవు. ప్రింటరూ అంతే. చివరి గదిలో ఆఫీసు కనెక్షను మాత్రం ఎప్పట్లాగే పదినిమిషాలకోసారి తెగిపోతోంది. ఖర్చుపెట్టిన డబ్బు గుర్తొచ్చి కొడుక్కి కోపం. ఎవరి మీద చూపించాలో తెలియని కోపం.

రెండు మస్టర్లు

ఆదివారం. ముగ్గురూ హాల్లో కూర్చున్నారు. కోడలు అంతకుముందు రాత్రంతా కూర్చుని చదివిన సంగతి చెప్పింది.

రూటరు చేసే పనుల్లో ముఖ్యమైనది నంబర్లు ఇవ్వడం. ఇంట్లో ప్రతి ఫోనుకు, ప్రతి టీవీకి ఒక నంబరు ఇచ్చి, బయటి నుంచి వచ్చిన సమాచారం ఎవరిదో వారికి చేరుస్తుంది. పాత డబ్బా ఆ పని ఎప్పట్నుంచో చేస్తోంది. కొత్త మెష్ కూడా తానే రూటరుననుకుని తన కింద ఉన్నవాటికి వేరే నంబర్లు ఇస్తోంది. ఒకే ఇంట్లో రెండు వేర్వేరు ఊళ్లు అయ్యాయి. మామూలుగా సినిమా చూడటానికి, వార్తలు చదవడానికి దీంతో పెద్ద ఇబ్బంది ఉండదు. కానీ ప్రింటరు, టీవీ, సీసీ కెమెరా, కొన్ని ఆఫీసు కనెక్షన్లు, ఆటలు మాత్రం మొరాయిస్తాయి.

పెద్దాయన మెల్లిగా అన్నాడు. 'అంటే ఒక బాయికి రెండు మస్టర్లు పెట్టిండ్రన్నమాట. ఇద్దరు క్లర్కులు ఎవని రిజిస్టరు వాడు రాసుకుంటుంటే మనిషి లోపల ఉన్నడా బయట ఉన్నడా ఎట్ల తెలుస్తది? ఒకటి మూసెయ్యాలె.'

కోడలు నవ్వింది. 'అంతే మామయ్యా. ఏది మూయాలన్నదే ఇప్పుడు లెక్క.'

దారులు రెండు. ఒకటి, పాత డబ్బాను 'బ్రిడ్జి' పద్ధతిలోకి మార్చడం. అప్పుడది ఫైబరులో వచ్చినదాన్ని తీగలోకి మార్చే పని మాత్రం చేస్తుంది, నంబర్లన్నీ మెష్ చూసుకుంటుంది. కానీ దానికి చాలాసార్లు నెట్టు ఇచ్చినవారి సాయం కావాలి, వారు ఇచ్చిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్ మెష్‌లో వేయాలి. పాత డబ్బా నుంచే ల్యాండ్‌లైను ఫోను కూడా వస్తుంటే అదేమవుతుందో ముందే అడిగి తెలుసుకోవాలి. రెండోది తేలిక. పాత డబ్బాను అలాగే ఉంచి, మెష్ యాప్‌లోకి వెళ్లి దాన్ని 'యాక్సెస్ పాయింట్' పద్ధతికి మార్చడం. అప్పుడు నంబర్లు ఇచ్చేది పాత డబ్బా ఒక్కటే. మెష్ డబ్బాలు సిగ్నలు పంచిపెట్టే పని మాత్రమే చేస్తాయి. పిల్లల ఫోన్లకు సమయం కట్టడి చేసేలాంటి కొన్ని సదుపాయాలు ఈ పద్ధతిలో మెష్‌లో పనిచేయకపోవచ్చు. ఆ ఇంట్లో ల్యాండ్‌లైను ఉంది కాబట్టి రెండో దారే పట్టారు.

ఆ తర్వాత పాత డబ్బాలో వైఫైని ఆపేశారు. డబ్బాను కాదు, అందులోని వైఫైని మాత్రమే. ఈ రెంటికీ ఉన్న తేడా తెలియక కొందరు డబ్బానే ఆపేసి నెట్టు పోయిందని కంగారుపడతారు. ఆపకుండా వదిలేస్తే ఏమవుతుంది? 2.4 గిగాహెర్ట్‌జ్‌లో ఒకదానికొకటి అడ్డురాని దారులు మూడే... 1, 6, 11. పక్కింటివాళ్ల రూటర్లతోనే ఆ దారులు నిండిపోతుంటే, మన ఇంట్లోనే రెండు డబ్బాలు పోటీపడటం దేనికి?

ఇంకో చిట్కా కోడలిదే. పాత వైఫై ఆపేశాక, మెష్‌కు ఆ పాత పేరు, పాత పాస్‌వర్డే పెట్టింది. దాంతో టీవీ, ప్రింటరు, అత్త ఫోను దేన్నీ ముట్టుకోకుండానే వాటంతటవే వచ్చి చేరిపోయాయి. అయితే మార్చే ముందు పాత సెట్టింగులన్నీ ఫొటో తీసి పెట్టుకుంది. ఎందుకైనా మంచిదని.

టీవీ, ట్యాబు మాట్లాడుకున్నాయి. ప్రింటరు కాగితం కక్కింది. చివరి గది మాత్రం మారలేదు.

'ఇది బాయి గాదు బాపూ!'

'ఆ డబ్బా అక్కడెందుకు పెట్టినవ్‌రా?' అనడిగాడు పెద్దాయన, చివరి గది వైపు చూపిస్తూ.

'సిగ్నలు లేనిది అక్కడ్నే గదా. అందుకే అక్కడ పెట్టిన.'

'ఫ్యాను అట్ల పెట్టరు.'

కొడుక్కి ఓపిక అయిపోయింది. రాత్రంతా డ్యూటీ చేసి నిద్రలేని కళ్లు. 'ఇది బాయి గాదు బాపూ, వైఫై!' అన్నాడు. కాస్త గట్టిగానే అన్నాడు.

పెద్దాయన మాట్లాడలేదు. కండువా దులుపుకుని వరండాలోకి వెళ్లాడు. రిటైరైన మనిషికి ఇలాంటి మాటలు కొత్తకాదు. ఏటీఎం కార్డు దగ్గర, ఫోను దగ్గర, ఆస్పత్రి చీటీ దగ్గర... 'నీకు తెల్వదు' అన్న మాట ఏదో ఒక రూపంలో వినిపిస్తూనే ఉంటుంది. కాసేపటికి కోడలు టీ గ్లాసుతో వచ్చి పక్కన కూర్చుంది. 'ఫ్యాను ఎట్ల పెడతరు మామయ్యా?' అంది.

ఆయన ఉద్యోగంలో ఎక్కువ ఏళ్లు గడిచింది వెంటిలేషన్ సెక్షన్‌లోనే. సింగరేణి బొగ్గు తవ్వకం ఇల్లెందులో 1889లో మొదలైంది. అప్పట్నుంచి ఇప్పటిదాకా భూగర్భ గనిలో మొదటి లెక్క బొగ్గుది కాదు, గాలిది. పైన పెద్ద ఫ్యాను గని మొత్తానికీ గాలి ఆడేలా చేస్తుంది. కానీ కొత్తగా తవ్వుతున్న దారి ఒకవైపే తెరుచుకుని ఉంటుంది. దాని చివరికి ఆ గాలి తనంతట తాను పోదు. అందుకని చిన్న ఫ్యాను పెట్టి, గొట్టంతో గాలిని లోపలికి కొడతారు.

'ఆ చిన్న ఫ్యానును గాలి లేని కాడ పెడితే ఏమైతది బిడ్డా? ఉన్న చెడ్డగాలినే మళ్లమళ్ల తిప్పి కొడ్తది. ఫ్యాను తిరుగుతనే ఉంటది, మనిషికి ఊపిరాడదు. దాన్ని మంచిగాలి పారుతున్న కాడ పెట్టాలె. అక్కడ్నుంచి లోపలికి కొట్టాలె.'

ఆమె గ్లాసు కింద పెట్టేసింది. ఎక్స్‌టెండరు ఎందుకు పనిచేయలేదో, మెష్ డబ్బా ఎందుకు పనిచేయడంలేదో ఆ ఒక్కమాటతో అర్థమైపోయింది. డబ్బా సిగ్నలును పుట్టించదు. అందుకున్నదాన్ని అందిస్తుంది. తనకే సరిగ్గా అందని చోట కూర్చోబెడితే ఏం అందిస్తుంది? గీతలు నిండుగా కనిపించేది ఫోనుకీ డబ్బాకీ మధ్య దూరం తక్కువ కాబట్టి. అసలు కరవు ఆ డబ్బాకీ హాల్లోని డబ్బాకీ మధ్య ఉంది.

తలుపుల మీద సుద్దముక్క

'మరి మంచిగాలి ఎక్కడిదాకా ఉందో ఎట్ల తెలుస్తది?' అందామె.

'కొలవాలె.'

గనిలో గాలి వేగాన్ని కొలిచే సాధనం ఉంటుంది. కొలిచాక ఆ అంకె, తేదీ అక్కడే బోర్డు మీద రాస్తారు. ఇక్కడ ఆ సాధనం ఫోనులోనే దొరికింది. సిగ్నలు బలాన్ని అంకెల్లో చూపించే యాప్ ఒకటి వేసుకున్నారు. ఆ అంకెలు మైనస్‌లో ఉంటాయి. మైనస్ 40 అంటే చాలా బాగున్నట్టు. మైనస్ 65 దగ్గర వీడియో మాటలకు ఢోకా ఉండదు. మైనస్ 80 దాటిందంటే దాదాపు లేనట్టే.

కొలతకు ముందు చివరి గదిలోనూ పడగ్గదిలోనూ ఉన్న డబ్బాలను ఆపేశారు. హాల్లోది మాత్రమే వెలుగుతోంది. మనవడు సుద్దముక్క తెచ్చాడు. కోడలు అంకె చెబుతుంటే పెద్దాయన ప్రతి తలుపు మీదా రాసుకుంటూ నడిచాడు. హాల్లో మైనస్ 38. మెట్ల మొదట్లో 52. మెట్లు మలుపు తిరిగేచోట 61. పైన నడవాలో 72. బీరువా దాటగానే ఒక్కసారిగా పడిపోయి, చివరి గదిలో 84. కిందా పైనా తలుపుల మీద తెల్లటి అంకెలు. అత్త చూసి 'పండుగకు ముగ్గులేసినట్టు తలుపులన్ని ఖరాబు చేసిండ్రు' అని విసుక్కుంది.

లెక్క తలుపుల మీదే ఉంది. డబ్బా ఉండాల్సింది చివరి గదిలో కాదు, మెట్ల మలుపులో. అక్కడ మంచిగాలి ఉంది. అక్కడ్నుంచి నడవాలోకి సూటిగా దారి ఉంది. కొడుకు నిద్రలేచేసరికి డబ్బా మెట్ల మలుపులో గూట్లో కూర్చుని ఉంది. బీరువా నడవా వదిలి పడగ్గదిలోకి చేరింది. చివరి గది తలుపు మీద 84 కొట్టేసి ఉంది. దాని కింద కొత్త అంకె... 58.

అతను ఆ అంకెను చూశాడు. తండ్రిని చూశాడు. 'మూడో డబ్బా ఎక్కడ పెడదాం బాపూ?' అనడిగాడు. తప్పయిందని చెప్పడానికి అంతకన్నా మంచి మాట అతనికి దొరికి ఉండదు.

'దాన్ని పెట్టెల పెట్టు. ఫ్యాన్లు ఎక్కువైతే గాలి ఎక్కువ గాదు' అన్నాడు పెద్దాయన. ఆ మాటా నిజమే. అవసరానికి మించి డబ్బాలు దగ్గర దగ్గరగా పెడితే అవి ఒకదానికొకటి అడ్డుపడతాయి. ఫోనుకు దేన్ని పట్టుకోవాలో తేలదు.

గొట్టం ఉండనే ఉంది

అయినా ఆయనకు తృప్తి లేదు. గాలి గదిలోంచి గదిలోకి పారుతూ పోతే కొంత దారిలోనే పోతుంది. గొట్టంలో పోతే మొత్తం చేరుతుంది. వైఫైలోనూ అంతే. డబ్బాలు రెండూ గాలిలోనే మాట్లాడుకుంటున్నప్పుడు, చాలా మెష్ సెట్లలో అదే రేడియో అటు హాలు డబ్బాతోనూ, ఇటు ఫోనుతోనూ మాట్లాడాలి. వేగం సగానికి సగం తగ్గొచ్చు. అదే రెండు డబ్బాల మధ్య తీగ వేస్తే ఆ భారం పోతుంది. 'తీగలేని' సాంకేతికతలో చివరికి తీగే మేలని తేలడం తమాషాగా ఉంటుందిగానీ, ఇంజినీర్లు చెప్పేదీ అదే.

కానీ తొమ్మిదంగుళాల గోడలకు కన్నాలెవరు పెడతారు? కరెంటు తీగల గొట్టంలో నెట్టు తీగ కలిపి లాగకూడదు. ప్రమాదం, పైగా మాటకు అంతరాయం. అప్పుడు గుర్తొచ్చింది పెద్దాయనకే. ఇల్లు కట్టినప్పుడు డాబా మీది డిష్ నుంచి హాల్లో టీవీదాకా వేయించిన ప్లాస్టిక్ గొట్టం ఉంది. ఫైబరు వచ్చాక డిష్ తీసేశారు. గొట్టం ఖాళీగా పడి ఉంది. అది మెట్ల గోడలోంచే దిగుతుంది. మలుపు దగ్గర మూత కూడా ఉంది. పాత తీగ చివర కొత్త 'క్యాట్-6' తీగను కట్టి, పైనుంచి కొడుకు, కింది నుంచి తండ్రి. 'లాగు... ఆగు... వదులు...' హాలేజీ తాడు దగ్గర అరిచినట్టు అరుచుకుంటూ అరగంటలో లాగేశారు. చివరి గది తలుపు మీద అంకె మారలేదు, ఆ 58 అలాగే ఉంది. కానీ అంతకుముందు 35 దగ్గర ఆగుతున్న వేగం, వాళ్లు డబ్బు కట్టే 100 ఎంబీపీఎస్‌కు దగ్గరగా 92కు చేరింది. అంతకుమించి ఏ మెష్షూ తేలేదు. కొన్న ప్లాను ఎంతో ఇంటికి వచ్చేది అంతే. మెష్ దాన్ని పంచుతుంది, పెంచదు.

ఆఖరుగా రెండు డబ్బాలకూ, ఫైబరు డబ్బాకూ ఇన్వర్టరు కనెక్షను ఇచ్చారు. ఒక్కదాన్ని మరిచిపోయినా కరెంటు పోగానే గొలుసు తెగినట్టే.

మాట అందడమంటే...

ఆ సాయంత్రం కోడలు ఫోనులో చదివి వినిపించిన సంగతి పెద్దాయనను ఆలోచనలో పడేసింది. 2006 జనవరి 2న అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో సాగో అనే బొగ్గు గనిలో పేలుడు జరిగింది. లోపల చిక్కుకున్న 13 మందిలో ఒక్కరే బతికారు. లోపలివారికీ బయటివారికీ మధ్య మాట అందే దారి లేకపోయింది. అదే ఏడాది జూన్‌లో అక్కడి ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చి, మూడేళ్లలోగా భూగర్భ గనుల్లో అటూ ఇటూ మాట్లాడుకునే వైర్‌లెస్ ఏర్పాటు ఉండేలా ప్రణాళికలు సిద్ధం చేయాలని చెప్పింది. అలా గనుల్లోకి వచ్చిన పద్ధతుల్లో ఈ మెష్ ఒకటి. దారిలో ఒక డబ్బా పాడైనా, అందుబాటులో ఉన్న మరో డబ్బా మీదుగా మాట దారి వెతుక్కుంటుంది.

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. 2003 జూన్ 16 గుర్తొచ్చింది. గోదావరిఖనిలోని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయిన రోజు. ఖనిలో ఆ తేదీ తెలియని ఇల్లు ఉండదు. 'లోపల ఉన్నోనికి మాట అందుడంటే మామూలు ముచ్చట గాదు బిడ్డా' అన్నాడు. అంతే అన్నాడు.

గనుల్లోని ఒక పద్ధతి గురించి మాత్రం ఆ తర్వాత చెప్పాడు. ఆయన పనిచేసిన రోజుల్లో అమల్లో ఉన్నవి 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలు. ఒక్కో కార్మికుడికి నిమిషానికి కనీసం 6 ఘనపు మీటర్ల గాలి అందాలని అందులో ఉంది. ఆ గాలిని ఎక్కడ కొలవాలి? ఫ్యాను దగ్గర కాదు. లోపల గాలి మళ్లే ఆఖరి మలుపు దగ్గర. ఫ్యాను ఎంత పెద్దదన్నది లెక్క కాదు, చివర ఉన్న మనిషికి ఎంత అందిందన్నదే లెక్క.

'మనం హాల్లో కూసోని నెట్టు మంచిగనే వస్తుందనుకున్నం. నువ్వు ఆ చివరి గదిలో ఎట్ల ఉన్నవో సూడలేదు' అన్నాడాయన. వైఫై గురించే అన్నాడా? కోడలు తల వంచుకుంది. అప్పుడు చెప్పింది ఆఫీసువాళ్లు పెట్టిన గడువు గురించి. స్కూలు కరపత్రం గురించి కూడా.

'తెలుసు' అన్నాడాయన.

సోమవారం పొద్దున ముఖ్యమైన మీటింగు. కొడుకు మొదటి షిఫ్టుకు వెళ్లిపోయాడు. మనవడు బడికి వెళ్లాడు. పెద్దాయన వరండాలో పేపరు తెరిచాడుగానీ చదవడంలేదు. పైనుంచి కోడలి గొంతు ఇంగ్లిషులో గలగలా వినిపిస్తోంది. పావుగంట... అరగంట... ముప్పావుగంట. కుర్చీ జరిపిన చప్పుడు లేదు. మెట్ల మీద అడుగులు లేవు. వంటింట్లో అత్త మిక్సీ వేయబోయి ఆగి, హాల్లోకి తొంగిచూసింది. హాలు ఖాళీగా ఉంది.

'వెయ్యి, ఏం గాదు' అన్నాడాయన.

దసరాకు ఇంటికి రంగులు వేయించారు. మేస్త్రీ తలుపుల మీద సుద్ద గీతలన్నీ తుడిచేశాడు, ఒక్క చివరి గది తలుపు మీద తప్ప. 84 కొట్టేసి, కింద 58 రాసి ఉన్న ఆ తలుపును మాత్రం కోడలు ముట్టుకోనివ్వలేదు.